పిస్టన్ రింగు

ఫిషింగ్ హార్బర్ గేటు దాటాక
ఐసు లారీల నీళ్ళు కారే సందులో మా షెడ్డు.
తెరిచిన రోజు గోడ మీద ఎర్ర రంగుతో రాయించాను
"నమ్మకమే మా పెట్టుబడి" అని.
రెండు వానాకాలాలు తిరక్కుండానే
ఉప్పుగాలి మొదటి రెండక్షరాలూ తినేసింది.
"కమే మా పెట్టుబడి" మిగిలింది.
పెయింటరు నాలుగొందలడిగాడు, ఊరుకున్నాను.

అప్పటి మేస్త్రీ దానయ్య.
ఇంజను విప్పి బిగించేలోపు
టీ చల్లారేది కాదు.
ఆ వేగం చూసి పెట్టుకున్నాను.
కొత్త డబ్బాలోకి పాత రింగు ఎక్కించాడు.
భీమిలికి ఎదురుగా, ఒడ్డు కనపడనంత దూరంలో
ఇంజను ఆగి
బోటు రెండు రాత్రులు కొట్టుకుపోయింది.
ఎవరూ పోలేదు.

మూడోనాడు సరంగు ఎర్రప్పడు వచ్చాడు.
లుంగీ మడతలోంచి రింగు తీసి
నా రసీదు పుస్తకం మీద పెట్టి వెళ్ళిపోయాడు.
తిట్టినా బాగుండును.

తర్వాత పనికోసం వచ్చిన ప్రతివాళ్ళకీ
సర్టిఫికెట్లు చూశాక ఆ రింగు చేతికిచ్చాను.
"దీనివల్ల ఒక బోటు ఆగిపోయింది."
అంతే, ఇంకేమీ అనలేదు.
ఒకడు వెలుతురుకెత్తి అరుగుదల చెప్పాడు, సరిగ్గానే.
ఒకడు కంపెనీని తిట్టాడు.
ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న పెద్దాయన
"నా చేతిలో అయితేనా" అని మీసం తడిమాడు.
కంచరపాలెం ఐటీఐ నుంచి వచ్చిన నూకరత్నం
రింగు వంక చూడనే లేదు.
"బోటులో ఎంతమందున్నారండి?"
ఏడుగురు.
"అందరూ ఒడ్డుకొచ్చీసారా?"

రేపట్నుంచి రమ్మన్నాను.
మొదటి నెల రెండు గాస్కెట్లు పాడుచేసింది.
రెండుసార్లూ తనే వచ్చి చెప్పింది.

ఇక్కడ ఆపితే కథ బాగుంటుంది.

జూన్ పద్నాలుగు. అర్ధరాత్రితో వేట నిషేధం ఆఖరు.
రెణ్ణెల్లు కట్టేసిన బోట్లన్నీ
తాళ్ళు తెంపుకునేట్టున్నాయి.
ఐదు బోట్ల షావుకారు, మాకు పెద్ద బేరం,
గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.
నూకరత్నం ఇంజను మీద అరచెయ్యి ఆనించి
కాసేపు అలాగే ఉండి
"ఇది వెళ్ళకూడదండి" అంది.

పక్కకి పిలిచాను.
అద్దె చెప్పాను, బ్యాంకు కిస్తీ చెప్పాను,
తన జీతం కూడా ఆ ఐదు బోట్ల మీదేనని,
సిగ్గు లేకుండా, చెప్పాను.
తల వంచుకుని అంతా వింది.
గూట్లోంచి రింగు తెచ్చి
నా రసీదు పుస్తకం మీద పెట్టింది,
ఎర్రప్పడు పెట్టిన చోటే.

షావుకారు పక్క షెడ్డువాణ్ణి పిలిపించుకున్నాడు.
మళ్ళీ మా గడప తొక్కలేదు.
ఆ ఇంజను ఏమైందో కనుక్కోలేదు నేను,
భయం.

ఆ రాత్రి డాల్ఫిన్ నోస్ దీపం తిరుగుతూ ఉంటే
ఇద్దరం షెడ్డు మెట్ల మీద కూర్చుని
ఛానెల్ దాటే చప్పుళ్ళు విన్నాం.
చేతులకు గ్రీజు అలాగే ఉంది.
"మనవి పదకొండు వెళ్ళాయి" అన్నాను.
"డెబ్బై నలుగురండి" అంది.