ఐదో ప్రశ్న, పదిహేను మార్కులు

రాంనగర్ గేటు పడింది.
గుంతకల్లు ప్యాసింజర్ పోయేదాకా
కిటికీ అద్దం, టీ గ్లాసు, నా పెన్సిలు
మూడూ వణుకుతాయి.
రేపు తొమ్మిదిన్నరకు పరీక్ష:
పాఠ్య విశ్లేషణ, ప్రాతినిధ్యం.

మంచం మీద పెద్దక్క బోర్లా పడుకుని
సినిమా నోట్సు వల్లె వేస్తోంది.
"మన సీమ రాగానే తెర ఎర్రబడును.
దుమ్ము లేచును. బండ్లు లేచును.
మీసం దగ్గరగా, మనిషి దూరంగా..."
ఆగి, నా వైపు తిరిగి
"మా నాయన కడప బస్టాండులో సోడా అమ్ముతాడు కదా,
ఆయప్ప యే షాట్‌లో వస్తాడే?" అంది.
నేను నవ్వలేదు. తనే నవ్వుకుని
మళ్లీ మొదటి నుంచి అందుకుంది.

నాకు మాత్రం పాత ప్రశ్నపత్రంలో
ఐదో ప్రశ్న దగ్గర కాలు దిగబడింది.
"కింది పత్రికా ఛాయాచిత్రాన్ని విశ్లేషించండి."
జెరాక్సు మసి పట్టిన బొమ్మ.
బీటలు వారిన చెరువు, మధ్యలో ఒక ముసలామె,
నుదుటికి అడ్డంగా చెయ్యి.
కింద వ్యాఖ్య: "చినుకు కోసం అనంత నిరీక్షణ."
పేరు లేదు.

పేరు హుసేనమ్మ.
మా జేజి.

విరూపాక్షి సార్ చెప్పినట్టే మొదలుపెట్టినా.
వాచ్యార్థం: స్త్రీ, నేల, ఎండ.
సూచ్యార్థం: కరువు, నిస్సహాయత, దేవుడి దయ.
కెమెరా కట్ట మీది నుంచి కిందికి చూస్తోంది కాబట్టి
ఆమె చిన్నగా, నేల పెద్దగా.
చీర చిరుగు సరిగ్గా వెలుతురులో పడింది.
ఇంతకు ఎనిమిది మార్కులు రావచ్చు.
మిగతా ఏడు?

ఫోన్ చేసినా.
బెళుగుప్ప దాటినాక మా ఊళ్లో సిగ్నలు
మిద్దె మెట్ల మీదనే, అదీ మూడో మెట్టు.
"ఆ పొద్దు వానకు చూస్తాంటివా జేజీ?"
"వానకెందుకు చూస్తానే పిచ్చిదానా?
ఆ యేడు వాన బాగనే కురిసింది.
తూము తెగి నీళ్లన్నీ వంకలో కలిసిపాయ.
ఇంజనీరు వస్తాడని చెప్పింటే
ఆయప్ప జీపు కోసరం రోడ్డు పక్క చూస్తాంటి.
జీపు రాలే. ఫోటో ఆయన వచ్చినాడు.
మజ్జిగ తాగినాడు, ఇంగో లోటా అడిగినాడు.
పేరడగలే."
కాసేపాగి,
"చీర పాతది కాదు మే. కంపకు తగులుకున్యాది" అంది.

పెన్సిలుతో ఫ్రేము ఎడమ అంచు కొలిచినా.
ఆయన రెండు వేళ్లు పక్కకు జరిపింటే
తూము కనిపించేది,
కూలిన రాతికట్టు కనిపించేది,
దాని మీద గుత్తేదారు పేరు చెక్కిన పలక.
ఆ పేరు మాత్రం రాతిలో ఉంది.

ఎదురుచూపు అబద్ధం కాదు,
అదే నన్ను కొరుకుతోంది.
బొమ్మలో ఒక్క గీతా దొంగది కాదు.
చెయ్యి ఆమెదే, ఎండ ఎండే.
మెడ రోడ్డు వైపు తిరిగుంటే
చూపును తెచ్చి ఆకాశానికి అప్పగించినారు.
వానకైతే
సంజాయిషీ నోటీసు ఇవ్వబళ్లేదు కదా.

"పాఠంలో ఉన్నదే రాయి," అంటుంది పెద్దక్క,
"బయటిది రాస్తే కొట్టేస్తారు."
నిజమే. సార్ కూడా అట్లే చెప్పినాడు.
ఇంకో రోజు ఇంకో గంటలో
లేనిదాన్ని కూడా చదవమన్నాడు.
పేపరు ఏ రోజు సార్ దిద్దుతాడో.

పన్నెండు దాటింది.
హాల్‌టికెట్ డబ్బాలో పెడుతూ చూసుకున్నా.
టవర్‌క్లాక్ దగ్గర స్టూడియో అన్న
అడక్కుండానే నన్ను రెండు చాయలు తెల్లగా చేసినాడు.
పేరైతే ఉంది, షంషాద్‌కు బదులు శంశాదు.
రేపు ఇన్విజిలేటర్
ఈ బొమ్మనూ నన్నూ మార్చి మార్చి చూస్తాడు.
ఆ కాసేపు నేను ఎటు చూడాల?

పెద్దక్క నిద్రలో మీసమని ఏదో గొణిగింది.
లైటు తీసేముందు, రఫ్ కాగితం మీద
ఐదో జవాబు మొదటి వాక్యం రాసి పెట్టుకున్నా:
"హుసేనమ్మ రోడ్డు వైపు చూస్తోంది."