పదకొండున్నర దాకా పాసు

మా గుడి ఇప్పుడు గోడకి అవతల ఉంది.
గోడ లేచేనాటికి నేను పుట్టలేదు.
మా తాత బర్నబాసు మాత్రం ఆ ఇటుకలు మోసి
రోజుకింత అని కూలి తీసుకున్నాడు.

ఊరికి డబ్బులిచ్చారు,
మల్కాపురం వెనకాల స్థలాలిచ్చారు.
గుడికి ఎంతివ్వాలో, ఎవరి చేతికివ్వాలో
ఏ గుమస్తాకీ తేలలేదు.
అంచేత దాన్ని అలాగే వదిలేశారు,
దాని వెనక పదకొండు సమాధుల్నీ
ఒక జీడిమామిడి చెట్టునీ.

ఆదివారం ఏడింటికి వరసలో నిలబడతాం.
కార్డు. మొహం. మళ్లీ కార్డు.
ఎస్తేరమ్మ మామ్మ ఫోటో పళ్లున్ననాటిది.
కుర్రాడు అటూ ఇటూ చూస్తుంటే
నోరు తెరిచి మిగిలిన ఒక్కటీ చూపిస్తుంది:
"ఇదిగో బావూ, ఇదే సాచ్చికం."

ఫోన్లు ట్రేలో పడెయ్యాలి.
పాటల పుస్తకం దులిపి చూస్తారు.
బల్లకి తెచ్చిన ద్రాక్షరసం సీసా
మూత తీసి వాసన చూస్తారు.
అయ్యగారు అప్పుడు చెప్పుల కేసి చూసుకుంటారు.

అబద్ధమెందుకు,
సున్నం వాళ్లే వేయించారు. ఫ్యాన్లు వాళ్లే పెట్టించారు.
తుపానుకి పైకప్పు ఎగిరిపోతే
నాలుగు రోజుల్లో వాళ్ల మనుషులే వచ్చి కప్పారు.
ముందు బెంచీలు ఆఫీసర్లవని ఎక్కడా రాసిలేదు.
మేమే వెనక చాప మీద కూచుంటాం,
మాకు అక్కడ బాగుంటుంది,
చేపల వాసన ఎవరికీ తగలదు.
మా అన్న ప్రసంగి డాక్‌యార్డులో వెల్డరు.
మా ఇంటి బియ్యమూ గోడ లోపల్నించే వస్తాయి.

కత్తులు నాగళ్లయ్యే వాక్యం వచ్చిందొకసారి.
సరిగ్గా అక్కడే హెలికాప్టరు వచ్చింది
యారాడ కొండ మీంచి, కిటికీలు వణుకుతూ.
అయ్యగారు వేలు ఆ మాట మీదే పెట్టి ఆగారు.
అది వెళ్లేదాకా ఆగారు.
మళ్లీ రెండోది వచ్చింది.
మా అన్న తన అరచేతులు చూసుకుంటున్నాడు,
నిప్పురవ్వలు కొరికిన మచ్చలు
ఎవరో వాటిని చదవమన్నట్టు.

ఈ మధ్య షైనీ అనే పిల్ల వస్తోంది, చంకలో బిడ్డతో.
వాళ్లాయన సబ్‌మెరీన్‌లో ఉన్నాడట.
ఎక్కడికి? చెప్పకూడదు. ఎప్పుడొస్తాడు? తెలియదు.
మలయాళం పిల్ల, మా పాటలకి పెదవులు మాత్రం కదుపుతుంది.
ఈస్టరు తర్వాతి వారం అయ్యగారు
"నీళ్ల కింద ఉన్నవాళ్ల కోసం ప్రార్థన చేద్దాం" అన్నారు
ఆ పిల్లనే తలుచుకుని.

చాప మీద ఎస్తేరమ్మ మామ్మ ఒక్కసారి తలెత్తింది.
వాళ్ల యోహాను వేటకెళ్లి పంతొమ్మిదేళ్లు.
తెప్ప దొరికింది, వల దొరికింది.
వెనకున్న పదకొండు సమాధుల్లో పన్నెండోది కావలసినవాడు.
ఇన్నేళ్లలో వాడి కోసం
ఏ గుళ్లోనూ ఎవరూ ఆ మాట అనలేదు.
లేచింది. మోకాళ్లు పట్టుకుంటూ ముందుకి నడిచింది,
చాప దాటి, మధ్య బెంచీలు దాటి,
తెల్ల యూనిఫారాలు దాటి,
షైనీ పక్కన చోటు చేసుకుని కూచుంది.
ఆ పిల్లకి తెలుగు రాదు.
మామ్మ ఏమీ అనలేదు కూడా.
బిడ్డ ఆమె చెవి పోగు పట్టుకుని లాగుతోంది.

పదకొండున్నరకి పాసు అయిపోతుంది.
ఆశీర్వాదం ఎప్పుడూ హడావిడే.
చెట్టు కింద రాలిన పండొకటి
మామ్మ కొంగులో కట్టడం నేను చూశాను.
లోపలి వస్తువేదీ బయటికి తేకూడదని బోర్డుంది.

జీడిమామిడి పండు దాగుతుందా?
గేటు దగ్గర మిజోరం కుర్రాడు
కార్డు చూశాడు, మొహం చూశాడు,
ముక్కు ఎగబీల్చాడు.
పెదవుల మధ్య ఏదో కూనిరాగం,
మేము ఇందాక లోపల పాడిన వరసే,
మాటలు మాత్రం వాళ్లవి.
మామ్మ అలవాటుగా నోరు తెరిచింది.
"ఫో అమ్మా" అన్నాడు, వచ్చీరాని తెలుగులో,
సముద్రం వైపు తిరిగి.