ఎడమచేయి

మా బొమ్మకి మనుషులం ముగ్గురం.
తలా కుడిచేయీ మా నాన్నవి.
కిమోనో అంచు కింద పిడికిళ్ళు దూర్చి
మోకాళ్ళున్నట్టు భ్రమపెట్టేవాడు రింటారో, పదహారేళ్ళ పిల్లాడు.
ఆడబొమ్మకి పాదాలు చెక్కరు.
అంచే నడుస్తుంది.

ఎడమచేయి నాది.
నల్లముసుగు దించుకున్నాక నేను లేనట్టే లెక్క.
అవాజి దీవిలో ఉల్లి తవ్వేవాళ్ళూ వలలేసేవాళ్ళూ
డబ్బిచ్చి వచ్చి
నన్ను చూడకూడదన్న ఒప్పందం మీద కూర్చుంటారు.

కథ వాళ్ళకి కంఠతా వచ్చు.
మూడో అంకం. మంచు, అంటే చిల్లుల బుట్టలోంచి కాగితం ముక్కలు.
ఒషినో తండ్రి అప్పుపత్రం మీద ఇంకొకరి ముద్ర గుద్దాడు.
పిల్లనిస్తే ఫిర్యాదు చించేస్తానన్నాడు బియ్యం వర్తకుడు.
వంతెన అవతల జిన్‌పాచి, గొడుగు మూసుకుని తడుస్తున్నాడు.
ఆమె రాయాలి
నిన్నెప్పుడూ ప్రేమించలేదని.

కుడిచేయి కుంచె ఎత్తుతుంది.
ఎడమచేయి, కాగితం జరక్కుండా అదిమి పడుతుంది.

ఇరవై రెండేళ్ళు అదిమి పట్టాను.
అబద్ధం కుడిచేతిదేనని
జనం దాన్నే చూసి కళ్ళు తుడుచుకుంటారు.
కాగితం పట్టుకున్నదాన్ని
ఎవరూ ఒక్కమాటా అనరు.

ఫుకురా రేవులో పడవ ఇంజన్లు విప్పే మోతోకి
ఒక సాయంత్రం ఉన్ని చేతితొడుగులు తెచ్చాడు, నా కొలతకి.
"కుషిరోలో చలెక్కువ" అన్నాడు.
అడగడమంటే అతనికి అంతే.

నాన్న వద్దనలేదు.
ఆ రాత్రి ఒషినో తల పెట్టెలోంచి తీసి
పెదవి మూలనున్న సూదిని గుడ్డతో రుద్దుతూ కూర్చున్నాడు.
ఏడ్చేటప్పుడు బొమ్మ తన చేతికొంగు కొరికి పట్టుకోవాలిగా,
ఆ సూది అందుకు.
"ఎడమచేయి తయారవడానికి పదేళ్ళు" అన్నాడు,
సూదితోనే చెప్పినట్టు.
వద్దని ఉంటే వెళ్ళేదాన్నేమో.

ఈ శీతాకాలం నాన్న కుడిచేయి వణుకుతోంది.
ముందువరసలో ముసలమ్మ పక్కావిడతో అంది,
"చూశావా, ప్రాణమున్నట్టే!"

నిన్న కుంచె సగం గాలిలో ఆగింది.
ఆయన భుజం నాకు ఏ సైగా చెయ్యలేదు.
సైగ లేకుండా ఎడమచేయి కదలకూడదు, ఇది మొదటి పాఠం.
నా వేళ్ళు కాగితాన్ని వదిలేశాయి.
అది మంచులోకి జారింది.
పాటగత్తె కునియె ఒక్క అక్షరాన్ని
ఊపిరి అయిపోయేదాకా సాగదీసింది.
కుంచెలో సిరా ఎలాగూ ఉండదు.
అయినా ఒక్క క్షణం ఒషినో
ఏమీ రాయని ఆడది.

నాలుగో అంకంలో ఉత్తరం మామూలుగానే చేరింది.
జిన్‌పాచి మామూలుగానే నదిలోకి నడిచాడు.
దూత సంచిలో ఇంకో ఉత్తరం ఎప్పుడూ ఉంటుంది.
సామాను పూచీ ఎడమచేతిదే.
మధ్యాహ్నం మడిచి పెట్టింది నేనే.

ఎత్తు చెప్పులు విప్పుకుంటూ నాన్న అన్నాడు,
"కాగితం జారింది."
"అవును."
"గాలేమో."

తలుపులన్నీ వేసే ఉన్నాయి.
ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు,
పక్షిపిల్లని పట్టుకున్నట్టు.
నేను రేపటికి రెండు కాగితాలు మడుస్తున్నాను.
రెండోది మడవాలా అని
రింటారో అడిగాడు.