టోపీ తీసిన బండి

అందరూ రంపాలు తెచ్చారట.
మా నైన ఒక్కడే పానా తెచ్చాడు.
"కోసేదేం లేదు సామీ, ఇది టోపీ పెట్టుకున్న బండి.
నట్లు విప్పితే దండం పెట్టి దిగుతుంది."
పుదుపేటలో ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటారు.
నట్లెన్నో మాత్రం
ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క.

అరవై ఏడు. స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది,
మీగడ రంగు, ఈ ఊళ్ళోనే పుట్టింది.
కోడంబాకం కంపెనీవాళ్ళకి
పాటలో హీరోయిన్ పైట ఎగరాలి.
పైటకి ఆకాశం కావాలి.
రోజుకి డెబ్బై రూపాయలు, ఆకాశానికి అద్దె.
పాట రాలేదు, సినిమానే రాలేదు.
బండి మాత్రం బోడితలతో మిగిలింది.

ఆ తర్వాత అందులో నిలబడి చేతులూపి ఓడిపోయినవాళ్ళు,
డిసెంబరు వానకి బాసికాలు కారిపోయిన పెళ్ళికొడుకులు.
పెరంబూరు ఏలుమలై దాని ఇంజిను పీకి
మారుతీ గుండె పెట్టాడు.
రెండు నెలలు అడ్డంగా దగ్గి, ఒప్పుకుంది.
ఇప్పుడు నీటి కాగితంతో రుద్దుతుంటే
నలుపు కింద ఎరుపు,
ఎరుపు కింద చిలకపచ్చ,
తలుపు సందులో ఎక్కడో
గోరంత మీగడ.

విప్పిన టాపుని ఎవరూ అడగలేదు.
నైన నెత్తిన మోసుకొచ్చి
వెనక వసారాలో పొయ్యి మీదికి కప్పాడు.
దాని కిందే నాకు గంజి వార్చడం వచ్చింది.
వెనకద్దం ఉండాల్సిన కంతలోంచి
పొగ పోయేది,
ఒక్కోసారి కూవం వాసన లోపలికొచ్చేది.
వాన పడితే
అమ్మ మాట నాకు, నా మాట అమ్మకి
వినిపించేది కాదు.
కొన్ని పోట్లాటలు అలా తప్పాయి.

కిల్పాక్ నుంచి వచ్చిన కుర్రాడు, నిరూపన్,
ఫోన్లో పాత ఫొటో చూపించాడు.
"అంతా ఒరిజినల్ కావాలి చెంగమ్మక్కా.
టాపు దొరకదంటున్నారు, మద్రాసంతా వెతికాను."
నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను.
ఎక్కింది. మళ్ళీ తీసి ఎక్కించాను.
"కాన్వాసు హుడ్ కుడతాను" అన్నాను,
"గట్టిగా, రెండు వరసలు."

ఆ రాత్రి పొయ్యి గట్టెక్కి
మసి పట్టిన కంతకి టేపు పెట్టాను.
నైన వేలిముద్ర ఒకటి
ఎర్ర లెడ్డులో ఇంకా ఉంది. దాన్ని కొలవలేదు.

హుడ్ బిగించిన రోజు
వెనక కిటికీ దగ్గర కుర్రాడు ఆగిపోయాడు.
ఫొటోకీ దీనికీ నూలుపోగు తేడా లేదు.
"ఈ కొలత ఎక్కడిదక్కా?"
"మా వంటింటిది."

నవ్వాడు, నేనేదో వేళాకోళం ఆడుతున్నానని.