పెట్టెలో మిగిలిన కాగితం

నా పని మాత్రలు లెక్కపెట్టడం.
లూనెన్‌బర్గ్ రేవు వైపు తెరుచుకునే కిటికీ పక్కన
నీలం పళ్ళెంలో ఐదేసి చొప్పున జరిపి
చిన్న గోధుమరంగు కవర్లో పోసి
పైన కుక్క పేరు, రోజుకొకటి, తిండితో పాటు —
అంతే రాస్తాను.
వంద మాత్రల పెట్టెకి ఒకటే కాగితం వస్తుంది,
పదహారు మడతలు, చీమ తలకాయంత అక్షరాలు.
మూత తీయగానే చేతికి అడ్డం.
పదకొండేళ్ళుగా దాన్ని తీసి
కింద బుట్టలో వేస్తున్నాను,
చేపలు తోమేవాడు పొలుసు విదిలించినట్టు.

అక్టోబరులో ఓరిన్ జ్విక్కర్ వచ్చాడు,
లాబ్‌స్టర్ల పడవ అమ్మేసుకున్న మనిషి.
వెంట డల్స్.
ఇక్కడివాళ్ళు ఎండబెట్టి నమిలే సముద్రపు నాచు పేరది,
దాని ఒంటి రంగూ అదే, ఎరుపు మీద నలుపు.
పన్నెండేళ్ళ తుంటి. వాకిట్లో మెట్టు ఎక్కలేకపోతోంది.

డాక్టర్ మోషర్ మంచివాడు.
నేలమీద చతికిలబడి ఆ కాలు పట్టుకున్నాడు
పసిబిడ్డ కాలు పట్టుకున్నట్టు.
"నొప్పి తగ్గుతుంది" అన్నాడు.
తగ్గింది కూడా.
బయట ఇంకా ఆరుగురు, ఒక పిల్లికి రక్తం కారుతోంది.
నేను ముప్ఫై లెక్కపెట్టాను.

ఇరవై రోజులకి ఆయన ఒక్కడే వచ్చాడు.
కవరు బల్లమీద పెడితే గలగలమంది.
"పదమూడున్నాయి. వెనక్కి తీసుకుంటారా?"
తీసుకోం అని చెప్పడం కూడా నా పనే.
చెప్పలేదు.

అప్పుడడిగాడు, అరవకుండా,
పడవలోంచి ఒడ్డు మీది వాణ్ణి తాడు అందుకోమన్నంత మామూలుగా:
"దీంతో పాటు కాగితం ఏమైనా ఉంటుందా?"

పొద్దున్నే ఒక కొత్త పెట్టె తెరిచాను.
బుట్టలోకి వంగి, తీసి, మడతలు విప్పి
అరచేత్తో సాపు చేసి ఇచ్చాను.
నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి లాక్కుని
వేలు పెట్టి చదివాడు, ఒక్కో మాటా పైకి పలుకుతూ.
తిండి మానేస్తే.
వాంతులైతే.
మలం తారులా నల్లగా వస్తే.
మందు వెంటనే ఆపి —

వేలు మొదటి మాట దగ్గరికి వెనక్కి వెళ్ళింది.
"పదో రోజు నుంచీ గిన్నె ముట్టలేదు.
మొండికేసిందనుకున్నా.
మాత్ర తప్పకూడదు కదా,
చీజ్‌లో పెట్టి పెట్టాను. తర్వాత కాలేయం ముద్దలో.
చివరికి నోరు తెరిచి నాలిక వెనక పెట్టి
గొంతు నిమిరాను.
మింగింది.
పెట్టింది నేనని మింగింది."

రేవులో పొగమంచు బూర ఊదింది. మళ్ళీ ఊదింది.
నేను క్షమించమని అడగలేదు.
అడిగితే ఆయన పర్లేదు అనాల్సి వస్తుంది.

ఆ సాయంత్రం డాక్టరుకి చెప్పాను.
"అన్నీ చెబితే భయపడతారు, మందే వెయ్యరు,
ఆ కుక్క నొప్పితో చస్తుంది" అన్నాడు.
అబద్ధమేమీ కాదు.
"భయపడనివ్వండి" అన్నాను.
నోరులేనిది, తన బదులు భయపడడానికే కదా
ఇంట్లో ఒక మనిషిని పెట్టుకుంది.

ఆయన చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.
"జిరాక్సు కాగితాలు నువ్వే తెచ్చుకో" అన్నాడు, తువ్వాలు వెతుక్కుంటూ.

ఇప్పుడు పళ్ళెం పక్కన ఒక దొంతర ఉంటుంది.
అక్షరాలు పెద్దవి చేశాను,
మూడు చోట్ల ఎర్ర పెన్నుతో గీత.
కొందరు నిలబడే చదువుతారు.
కొందరు కారులో కాళ్ళకింద పడేస్తారు.
ఒకావిడ చదివి, కవరు వదిలేసి వెళ్ళిపోయింది,
వాళ్ళ ముసలి కుక్క మా వీధిలోనే కుంటుతూ తిరుగుతుంది,
రోజూ చూస్తాను, చూసి ఏమనుకోవాలో తెలీదు.

ఓరిన్ కవరు నా సొరుగులోనే ఉంది.
ఎవరూ లేనప్పుడు పళ్ళెంలో పోస్తాను.
ఐదు. ఐదు.
మూడు.