చుక్క గుర్తు లేని ప్రశ్నలు

అల్లిపురంలో గడియారాల కొట్టు పైన మా ఎంపీగారి ఆఫీసు.
పద్దెనిమిది మెట్లు. పదేళ్ళు ఎక్కాను,
లెక్క మోకాళ్ళని అడగండి.

ఇవాళ ఖాళీ చేస్తున్నాం.
నెగ్గినాయన గాజువాకలో తెరుస్తాడట, లిఫ్టు కూడా ఉందట.
బీరువా అడుగు అరలో మిగిలినవి
యడ్ల పోలినాయుడు గారు సభలో అడిగినవి:
రక్షణ ఒక కట్ట, మాజీ సైనికులు ఇంకో కట్ట,
విదేశాంగం సన్నం, దానికి రబ్బరు బ్యాండు చాలింది.

ఆయన సీటు చివరి వరసలో, స్తంభం పక్కన.
టీవీలో మాకు దొరికేది ఆయన మోచెయ్యి.
మా అమ్మ ఆ మోచేతినే పోల్చుకుని
"అదిగోనే మీ సారు" అని పిలిచేది.

చుక్క పెట్టిన ప్రశ్నకి మంత్రి లేచి నిలబడాలి.
చుక్క లేనిదానికి కాగితం వస్తుంది.
పదేళ్ళ లాటరీలో మాకు పడ్డ చుక్కలు నాలుగు.
మిగతావన్నీ కాగితాలే.
"సమాచారం సేకరిస్తున్నారు. సభ ముందుంచుతారు."
ఈ వాక్యం నా వేళ్ళకి కంఠతా వచ్చు.

మల్కాపురం నుంచి బంగారమ్మ వచ్చేది.
భర్త ఓడలో బాయిలర్ దగ్గర పనిచేసి పోయాడు.
నేవీ పుస్తకంలో ఆమె పేరు బంగారి,
బ్యాంకులో బంగారమ్మ.
ఈ రెండు పేర్ల మధ్య పింఛను మునిగిపోయింది.
సారు అడిగారు: పేరు తేడాతో ఆగినవి ఎన్ని?
జిల్లాలవారీ లెక్కలు లేవన్నారు.
మళ్ళీ అడిగారు. మళ్ళీ.
అయిదో సమావేశంలో అనుబంధం వచ్చింది,
విశాఖపట్నం: అరవై ఒకటి.
చదివి వినిపిస్తే ఆమె అంది,
"అందులో నాను ఎన్నోదాన్ని బాబూ?"

సారు తండ్రి డాక్‌యార్డులో రివెట్లు కొట్టి
రెండు చెవులూ అక్కడే వదిలేసినవాడు.
అందుకని వాళ్ళింట్లో కూర ఉప్పన్నా కేకేసి చెప్పాలి.
సభలో మాత్రం ఆయన గొంతు లేచేది కాదు.
యుద్ధనౌకంటే ముచ్చట, ఎక్కితే వాంతి.
కొత్త నౌక ఖర్చు మీద అందరూ మాట్లాడాక
దాన్ని కట్టినవాళ్ళ చెవులకి పరీక్షలున్నాయా అని అడిగారు.
ఎవరో నవ్వారు. రికార్డులో నవ్వులు రాయరు.

జాలరిపేట మరపడవ ఇంజను చచ్చి
అవతలి దేశం నీళ్ళలోకి కొట్టుకుపోయింది.
మనుషులు ఏడుగురు, జైలు ఒకటి.
విదేశాంగ పద్దు మీద మాకిచ్చింది మూడు నిమిషాలు.
ముందువాళ్ళు మహాసముద్రాల గురించి మాట్లాడారు.
సారు లేచి పేర్లు చదవడం మొదలెట్టారు.
ఎవరి కొడుకు, ఎన్నేళ్ళు, ఇంట్లో ఎంతమంది.
అయిదో పేరు దగ్గర గంట కొట్టారు.

మర్నాడే మిగిలిన ఇద్దరి పెళ్ళాలూ మెట్లెక్కారు.
"మావోళ్ళు పడవలో లేరేటి?"
ఆయన చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పారు.
తర్వాత నాతో ఒక ప్రశ్న టైపు చేయించారు,
చుక్క లేనిది,
అందులో గరికిన ఎర్రన్న, చోడిపల్లి దాసు,
ఈ ఇద్దరి క్షేమం తప్ప ఇంకేమీ లేదు.

ఎనిమిది నెలలకి ఏడుగురూ దిగారు.
హార్బర్లో దండలు వేసినవాళ్ళలో సారు లేరు.
"మన వల్ల వచ్చారా?" అంటే,
"ఏమో. ఇంజను ఎందుకు ఆగిందో మాత్రం ఎవరికి తెలుసు" అన్నారు.

ఇదిగో, కట్టలోకి ఎక్కని కాగితం ఒకటి.
మాజీ నావికుల వైద్యశాలలో
చెవి డాక్టరు కుర్చీ ఎన్నాళ్ళుగా ఖాళీ?
పంపిన వారానికే సభ రద్దయింది,
సభతో పాటు ప్రశ్నా రద్దు.

ఓడినాయన కింద కొట్టులో టీ తాగుతూ
ఆగిపోయిన గడియారాలు చూస్తున్నారు.
పాత కాగితాలవాడు కాటా సరిచేసుకుంటున్నాడు.
రెండు కట్టలు వాడి ముందు పెట్టి
మూడోది తీసేసుకున్నాను, ఎందుకో.
రద్దయిన కాగితం క్యారేజీ సంచిలో పెట్టాను.

రేపు గాజువాక బస్సెక్కాలి.
లిఫ్టు ఉందన్నారుగా.