కూరకు రాని వల

జువ్వలదిన్నె రేవు దాటి ఆరు మైళ్ళు.
పెంచలయ్య ఇంజను తగ్గించాడు.
"ఇంకా మెల్లిగా" అన్నాను.
"ఇంతకంటే మెల్లిగంటే నిలబెట్టేయాల్సిందేమ్మా."

ముందు నలుపూ తెలుపూ పళ్ళెం
తాడు కట్టి దించాను.
నాలుగున్నర మీటర్ల దగ్గర కనపడకుండా పోయింది.
వానలప్పుడు ఒకటిన్నరకే పోయేది.

తరవాత వల.
సన్నాయిలా సాగి తోకకు డబ్బా కట్టుకున్న తెల్ల వల.
దాని కన్నులోంచి ఆవగింజలో పదోవంతు జారదు.
ఎన్ని నీళ్ళు మింగిందో చెప్పడానికి
మూతి దగ్గర గిరగిర తిరిగే చిన్న మర.
పది నిమిషాలు లాగి పైకి తీస్తే
అడుగున గరిటెడు గంజి.

"దీనికా నా డీజిలు!"
ప్రతిసారీ అదే నవ్వు.

సీసాలో విడిగా పట్టిన నీళ్ళకు
అక్కడే అయోడిన్ చుక్కలు వేస్తాను.
చల్లారిన హోటల్ టీ రంగు.
చంపాం అని రాయం.
నిలవ చేశాం అని రాస్తాం.

నెల్లూరు గదిలో ఫ్యాను కట్టేసి
వెయ్యి గళ్ళ గాజుపలక మీద
ఒక్క మిల్లీలీటరు సముద్రం.
ఎడంచేతిలో టిక్కుమనే మీట.
గాజు డబ్బీలు, గొలుసులు,
ముళ్ళు మొలిచిన బొంగరాలు.
ఓటర్ల జాబితా పట్టుకుని వీధి తిరిగే పంతులమ్మలా
గడి గడికీ ఎవరున్నారో రాసుకుంటాను.
నాలుగువందలో గడి దగ్గర తుమ్మొస్తే
మళ్ళీ మొదటినించీ.

కానీ ఆ రోజు గాలి లేదు.
పడవలోనే, ఐసుపెట్టె మీద
చిన్న మైక్రోస్కోపు పెట్టి
గంజిలోంచి ఒక బొట్టు చూపించాను.
పెంచలయ్య శుక్లం లేని కన్ను ఆనించాడు.
చాలాసేపు పలకలేదు.

"కొమ్ముండాదే దీనికి.
ఏందిమ్మా, లోపల గుండె కొట్టుకుంటా ఉండాది!
ఎవరి బిడ్డ ఇది?"

పీత బిడ్డ అన్నాను.
పుట్టి వారమైనా నిండి ఉండదు అన్నాను.
లేబుల్ మీద తేదీ రాయడానికి తల వంచాను.

తలెత్తేసరికి
ఆయన డబ్బా తీసుకెళ్ళి పడవ అంచున
వంగి, నీళ్ళకు తగిలేంతగా వంగి,
గంజంతా మెల్లిగా ఒంపేస్తున్నాడు.
చివర వేలితో తడిమాడు కూడా,
ఇంకెవరైనా అంటుకున్నారేమోనని.

నేనేమీ అనలేదు.
ఆయనా నావైపు చూడలేదు. ఇంజను తాడు లాగాడు.

మూడో చోటు. నమూనా: లేదు.
కారణం అన్న గడిలో
పడవ ఊగి ఒలికింది అని రాశాను.

ఆ పూట సముద్రం
తాంబాళంలో పోసిన నీళ్ళలా ఉంది.